వేడుక పిల్లలదైనప్పుడు



ఎవరి స్మారకంగా ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ డాక్టరుగారి చేతి వైద్యంతో పెరిగినవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. సూది వేయించుకుని ఏడ్చే పిల్లలకు ఆ రోజుల్లో డాక్టర్లు పిప్పర్‌మెంటు బిళ్ల చేతిలో పెట్టేవారు. ఆయన బల్ల మీద ఆ సీసా ఉండేది కాదు. మెడలోని స్టెతస్కోపు తీసి, పిల్లవాడి చెవులకు తగిలించి, రెండో కొసను వాడి గుండె మీదే ఆనించేవారు. తన గుండె చప్పుడు తానే వింటూ వాడు ఏడుపు మరిచిపోయేవాడు. కాసేపటికి అమ్మ గుండె కూడా వింటానని మారాం చేసేవాడు. వెనక వరసలో రోగులు ఎంతమంది ఉన్నా ఆయన ఆ రెండు నిమిషాలకు తొందరపడేవారు కాదు. పిల్లల్ని సంతోషపెట్టడానికి తీపి ఒక్కటే దారి కాదని నేను నేర్చుకున్నది అక్కడే. ఈనాటి నా అంశానికి మూలం కూడా అదే.

పిల్లల వేడుకలను ఆరోగ్యంగా జరుపుకోవడం ఎలా అన్నది స్మారకోపన్యాసానికి తగినంత పెద్ద విషయమేనా అని కొందరు మిత్రులు అడిగారు. నా ఉద్దేశంలో పెద్దదే. పిల్లల తిండి గురించి మనం రోజువారీ భోజనం దగ్గరే ఆలోచిస్తాం. పప్పు తిన్నాడా, కూర వదిలేశాడా, పాలు తాగాడా అని చూస్తాం. పుట్టినరోజు, పండుగ, బడి వార్షికోత్సవం వచ్చేసరికి ఆ లెక్కలన్నీ పక్కన పెడతాం. "ఏడాదికొక్క రోజేగా, తిననివ్వండి డాక్టరుగారూ" అని నాతో అననివాళ్లు అరుదు.

ఆ ఒక్క రోజు లెక్క చూద్దాం. ఒక తరగతిలో 40 మంది పిల్లలుంటే ఏడాదికి 40 పుట్టినరోజులు. సెలవుల్లో పడేవి తీసేసినా బడి జరిగే రోజుల్లో పాతిక దాకా వస్తాయి. ప్రతి పుట్టినరోజుకూ ఒక చాక్లెట్ల డబ్బా తరగతిలోకి వస్తుంది. దానికి టీచర్స్ డే, బాలల దినోత్సవం, అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి, కొత్త సంవత్సరం, చుట్టాల ఇళ్లలో గృహప్రవేశాలు, వారాంతాల్లో స్నేహితుల పార్టీలు కలపండి. ఏడాదికి ఒక్క రోజు అన్న మాట ఏ ఇంటికి ఆ ఇంట్లో నిజమే. పిల్లవాడి వైపు నుంచి చూస్తే మాత్రం వేడుక వారం వారం వస్తోంది. ఇది ఏ ఒక్క తల్లి తప్పూ కాదు. అందరి ప్రేమా ఒకే పిల్లవాడి పొట్టలో కలుస్తోంది, అంతే.

ఇక చక్కెర సంగతి. రోజంతా తినే తిండిలోని శక్తిలో, విడిగా కలిపిన చక్కెర నుంచి వచ్చేది 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 1,360 కిలోకేలరీలు కావాలి. అందులో 5 శాతమంటే 17 గ్రాముల చక్కెర, అంటే సుమారు నాలుగు చెంచాలు. ఒక పావు లీటరు కూల్‌డ్రింకులోనే 26 గ్రాముల దాకా ఉంటుంది. కేకు, ఐస్‌క్రీం, గులాబ్‌జామ్ ఇంకా మొదలే కాలేదు. సీబీఎస్‌ఈ 2025 మే నెలలో తన బడులన్నింటిలో 'షుగర్ బోర్డులు' పెట్టమని ఆదేశించింది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలకు రోజువారీ శక్తిలో 13 శాతం, ఆపై వయసువారికి 15 శాతం చక్కెర నుంచే వస్తోందని ఆ ఆదేశంలోనే రాసింది.

బెల్లం వాడుతున్నాం కాబట్టి ఫరవాలేదని చాలా ఇళ్లలో అంటున్నారు. ఆ పేరు చెప్పి రెండింతలు వేస్తే లాభం లేదు. పళ్లకు, ఒంటికి సంబంధించినంత వరకు బెల్లమూ చక్కెర కిందికే వస్తుంది.

ఒక అపోహను మాత్రం ఇక్కడే సరిదిద్దాలి. తీపి తింటే పిల్లలు ఆగకుండా ఎగురుతారని తల్లులు గట్టిగా నమ్ముతారు. ఈ విషయం మీద జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి చూసిన పరిశోధన 1995లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. చక్కెరకూ పిల్లల అల్లరికీ సంబంధం దొరకలేదు. పిల్లలు ఎగిరేది పదిమంది ఒకచోట చేరినందుకు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మంచి ఉద్దేశంతోనైనా నిజం కానిది చెప్పి పిల్లల్ని భయపెట్టకూడదు. తీపి విషం కాదు. ఎంత, ఎన్నిసార్లు, ఎప్పుడు అన్నదే ప్రశ్న.

తిండి మీద ఇష్టం ఎలా పుడుతుందో చెప్పే మరో పరిశోధన ఉంది. లీన్ బర్చ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, తోటి పరిశోధకులు కలిసి 1980లో దాన్ని ప్రచురించారు. నర్సరీ వయసు పిల్లలకు అంతగా ఇష్టమూ అయిష్టమూ లేని తినుబండారాలు తీసుకున్నారు. వాటిని కొందరికి మంచి పని చేసినందుకు బహుమతిగా, మరికొందరికి పెద్దవాళ్లు ఆప్యాయంగా పలకరిస్తూ ఇచ్చారు. ఆ రెండు గుంపుల్లోనూ వాటి మీద ఇష్టం పెరిగింది. ఏ ఆదరణా లేకుండా ఇచ్చిన పిల్లల్లో అలా పెరగలేదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే వేడుకకు ఉన్న శక్తి అర్థమవుతుంది. పదిమంది ప్రేమగా చుట్టూ చేరి, పాట పాడి, నోట్లో పెట్టేది ఏదైనా సరే, పిల్లవాడికి అది ఇష్టమైపోతుంది. ఇన్నేళ్లుగా మనం ఆ ప్రేమనంతా కేకుకూ కూల్‌డ్రింకుకూ జోడిస్తూ వచ్చాం. అదే ప్రేమ గుగ్గిళ్లకూ జామకాయ ముక్కకూ జోడించవచ్చు.

మన పెద్దలు చేసింది అదే. భోగినాటి సాయంత్రం పిల్లల తల మీద పోసే రేగిపళ్లు, చెరకు ముక్కలు, నానిన శనగలు గుర్తు చేసుకోండి. శ్రావణమాసం వాయనాల్లో వచ్చిన శనగలను మర్నాడు తాలింపు వేసి పిల్లల చేతిలో పోస్తే ఆడుకుంటూ తినేవారు. వినాయక చవితికి ఆవిరి మీద ఉడికిన కుడుములు, ఉండ్రాళ్లు. శ్రీరామనవమికి వడపప్పు. సద్దుల బతుకమ్మనాడు తెలంగాణలో పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, సత్తుపిండి. వీటిలో పప్పుంది, నువ్వులున్నాయి, పండుంది, పెరుగుంది. అన్నింటికంటే ముఖ్యంగా పిల్లలకు చేయడానికి పని ఉంది. బతుకమ్మకు పూలు ఏరుకురావాలి. అట్లతద్దికి ముందురోజు గోరింటాకు రుబ్బి పెట్టుకోవాలి. తెల్లవారకముందే లేచి అన్నం తిని, పొద్దెక్కే దాకా ఉయ్యాలలూగాలి, వీధి వీధంతా కలిసి ఆడుకోవాలి. తిండి ఆ పూటలో ఒక భాగం. ఆటే అసలు వేడుక.

పాతదంతా మేలని నేను అనడం లేదు. అరిసెలు నూనెలో తేలేవే. ఆ వేడుకల గుమ్మం బయట నిలబడిన పిల్లలు కూడా ఊళ్లో ఉండేవారు, వాళ్లను లోపలికి పిలవని రోజులవి. కానీ అరిసె చేయాలంటే బియ్యం నానబెట్టాలి, దంచాలి, జల్లించాలి, పాకం పట్టాలి. ఇంటి ఆడవాళ్ల చేతులు నొప్పెడితే తప్ప తీపి వచ్చేది కాదు. కాబట్టి ఏడాదికి మూడు నాలుగుసార్లే వచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో కేకు గుమ్మంలో ఉంటుంది. అప్పుడు శ్రమ వేసిన కట్టడిని ఇప్పుడు మనం ఆలోచించి వేసుకోవాలి.

పాత వేడుకలను కొత్తగా జరిపేటప్పుడు ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. భోగిపళ్లు పోసేది ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే. సరిగ్గా ఆ వయసువారికే శనగలు, వేరుశనగ గింజలు, రేగి గింజలు, చిల్లర నాణేలు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఎక్కువ. తల మీద పోయండి, దీవించండి, వెంటనే కింద పడినవన్నీ ఏరేయండి. చిన్నవాడికి శనగలు మెత్తగా ఉడికించి, చిదిమి తినిపించండి. పగిలిన బెలూన్ ముక్కలూ అంతే ప్రమాదం. వెలుగుతూ ఊగే కొత్తరకం బెలూన్లలో, పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో బొత్తాం అంత బ్యాటరీలు ఉంటాయి. పిల్లవాడు దాన్ని మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. మింగాడన్న అనుమానం వచ్చినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురండి.

మొదటి పుట్టినరోజు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది ఇప్పుడు చిన్న పెళ్లంత అయింది. ఫంక్షన్ హాలు, ఎల్‌ఈడీ తెర, పొగ చిమ్మే యంత్రం, రెండు కెమెరాలు, ఒక డ్రోన్. ఏడు గంటలకని కార్డులో వేస్తారు. ముఖ్యమైన చుట్టాలు వచ్చేసరికి తొమ్మిది. ఏడాది పిల్లకు అది గాఢనిద్ర వేళ. బిగుతైన గౌను, తలకు గుచ్చుకునే కిరీటం, కళ్లలోకి దీపాలు, చెవుల్లోకి డీజే చప్పుడు. తెలియని ముఖాలు వరసగా వచ్చి బుగ్గలు పుణుకుతాయి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే "ఇటు చూడు, ఇటు చూడు" అని ఫొటోగ్రాఫర్ గిలక ఊపుతాడు. కేకు కోసి క్రీము నోటికి రాస్తారు. రెండేళ్లలోపు పిల్లలకు తీపి పానీయాలు, చక్కెర ఎక్కువున్న తిండి పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మరోసారి స్పష్టంగా చెప్పింది. ఆ క్రీము కూడా చాలాచోట్ల పాల మీగడ కాదు. తాటిజాతి నూనెలకు చక్కెర కలిపి నురగగొట్టిన పదార్థం. మర్నాడో మూడోనాడో ఆ పిల్ల జ్వరంతోనో విరేచనాలతోనో మా దగ్గరికి వస్తుంది. తల్లి కళ్లల్లో నిద్ర ఉండదు, తండ్రి చేతిలో హాలు బిల్లు ఉంటుంది.

ఆ తల్లిదండ్రుల ఆనందాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఎంతోకాలం ఎదురుచూసి కన్న బిడ్డ కావచ్చు. నలుగురికీ భోజనం పెట్టాలన్న కోరిక ధర్మమైనదే. అలాంటప్పుడు రెండూ విడగొట్టండి. పిల్ల వేడుక పొద్దున్న జరపండి, నిద్ర లేచి, పాలు తాగి, హుషారుగా ఉన్న వేళ. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ, దగ్గరి పదిమంది చాలు. నూలు చొక్కా వేయండి. పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలిపి, ముద్ద ముద్దా వరసగా పెద్దలందరి చేతా తినిపించండి. బాగా పండిన అరటిపండు చిదిమి పెట్టండి. పాడటం వచ్చినవాళ్లు పాడండి. పెద్దల భోజనాలు కావాలంటే సాయంత్రం పెట్టుకోండి. పిల్లను కాసేపు చూపించి, నిద్రవేళకు ఇంటికి పంపేయండి. అతిథులు మిమ్మల్ని దీవించడానికే వస్తారు, పిల్ల నిద్ర చెడగొట్టడానికి కాదు. చెబితే అందరూ అర్థం చేసుకుంటారు.

మూడేళ్లు దాటిన పిల్లల పార్టీల్లో చెడేది కూడా చాలావరకు వేళ దగ్గరే. ఐదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పదకొండు గంటల నిద్ర కావాలి. ఆకలితో వచ్చిన పిల్లలు రెండు గంటలు పీచుమిఠాయి బండి చుట్టూ, పాప్‌కార్న్ చుట్టూ తిరుగుతారు. భోజనాలు మొదలయ్యేసరికి పొట్టలు నిండిపోయి, కళ్లు మూతలు పడుతుంటాయి. ఆ పీచుమిఠాయికి వేసే రంగుల సంగతి కూడా తెలుసుకోండి. బట్టలకు వేసే రోడమిన్-బి రంగు కనబడిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది. మార్చిలో కర్ణాటక రంగు వేసిన పీచుమిఠాయిని, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించవలసి వచ్చింది. పొగలు కక్కే బిస్కెట్ల స్టాలు మరీ భయంకరం. ఆ పొగకు వాడే ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. పూర్తిగా ఆవిరి కాకుండా పిల్లల నోట్లోకి, కడుపులోకి వెళితే కాలిన గాయమే. దాన్ని పిల్లల పార్టీకి పిలవకండి. వెలుగుతున్న కొవ్వొత్తి పక్కన నురగ స్ప్రే కొట్టనివ్వకండి. ఆ డబ్బాల్లో తేలిగ్గా అంటుకునే వాయువులు వాడతారు. ముఖానికి మంటలు అంటుకున్న పిల్లలున్నారు.

వద్దన్నవే చెబుతూ పోతే పిల్లల వేడుక మీద మాట్లాడినట్టు కాదు. ఒక మంచి వేడుక ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాను. మా వీధిలో ఒక అమ్మాయికి ఎనిమిదేళ్లు నిండాయి. పార్టీ మేడ మీద, సాయంత్రం నాలుగున్నరకు. పిలిచింది పన్నెండుమందిని. వాళ్లంతా ఆ అమ్మాయి స్వయంగా పేర్లు చెప్పిన స్నేహితులు. రాగానే ఆట. ఏడుపెంకులాటకు ఒక మూల, తాడాటకు ఒక మూల, చిన్నవాళ్లకు తొక్కుడుబిళ్ల గళ్లు సుద్దతో గీసి ఉంచారు. కడవ నిండా నీళ్లు, పక్కనే గ్లాసులు, మజ్జిగ. గంటన్నర ఆడాక అందరి ముఖాలూ ఎర్రబడ్డాయి, ఆకలి దానంతటదే వచ్చింది. చేతులు కడిగించి, చాపల మీద కూర్చోబెట్టారు. మధ్యలో గిన్నెలు: మరమరాలు, ఉడికించిన శనగలు, సన్నగా తరిగిన కీరా, టమాటా, ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించిన పల్లీలు. ఎవరి గిన్నెలో వాళ్లే కలుపుకోవాలి, నిమ్మచెక్క వాళ్లే పిండుకోవాలి. మామూలుగా కీరా ముక్క ముట్టని ఒక పిల్లవాడు రెండోసారి కలుపుకున్నాడు. ఎందుకంటే ఆ గిన్నెలోది వాడి వంట. అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అరచేతి అంత పెసరట్లు వేసి పంపుతూనే ఉంది. ఒక పళ్లెంలో జామ, పుచ్చకాయ ముక్కలు. చివరికి కేకు, అరకిలోది. పన్నెండుమందికీ తలా ఒక చిన్న ముక్క వచ్చింది. కొవ్వొత్తి ఆర్పారు, పాట పాడారు, చప్పట్లు కొట్టారు. ఏదీ పోలేదు. ఏడు గంటలకల్లా పిల్లలు ఇళ్లకు వెళ్లారు, ఒక్కొక్కరి చేతిలో ఒక తాడాట తాడు. వారంపాటు మా వీధిలో సాయంత్రాలు ఆ తాళ్ల చప్పుడే.

ఇందులో గమనించవలసింది వరస. ఆట ముందు, తిండి తరువాత, తీపి చివర, అదీ కొంచెం. నిమ్మరసం రుచికే కాదు, శనగల్లోని ఇనుము ఒంటికి పట్టడానికీ పనికొస్తుంది. ఇంకొకటి, ఆ తల్లి ఎవరినీ "అది తినకు, లావవుతావు" అనలేదు. ఇది చాలా ముఖ్యం. కళ్లెదుట పెట్టి ముట్టుకోవద్దంటే పిల్లలకు దాని మీదే మనసు పోతుందని లీన్ బర్చ్ బృందమే తరువాతి పరిశోధనల్లో చూపించింది. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల నిర్ణయం. పెట్టినదాంట్లో ఎంత తినాలన్నది పిల్లల నిర్ణయం. ఈ పంపకం సరిగా ఉంటే వేడుకలో కసురుకోవలసిన పని ఉండదు. ఒళ్లు చేసిన పిల్లవాడిని పదిమందిలో ఆ మాట అంటే ఆ గాయం ఏ కేకు చేసే కీడుకంటేనైనా ఎక్కువ.

మీరు పిలిచిన పిల్లల్లో ఒకరికి టైప్-1 మధుమేహం ఉండవచ్చు. తీపి తిన్నందుకు వచ్చే జబ్బు కాదది. క్లోమంలో ఇన్సులిన్ తయారీ ఆగిపోవడం వల్ల వచ్చేది. అలాంటి పిల్లల్ని "కేకు తినలేడుగా, పిలిస్తే బాధపడతాడు" అని జాలితో పిలవడం మానేస్తున్నారు. బాధపెట్టేది కేకు కాదు, పిలవకపోవడం. తిండికి తగ్గట్టు ఇన్సులిన్ లెక్క వేసుకుంటే ఆ పిల్లలూ చిన్న ముక్క తినవచ్చు. మీరు చేయవలసిందల్లా ముందురోజు ఆ తల్లికి ఫోన్ చేసి, "రేపు మేం ఇవి పెడుతున్నామండీ, ఆరు గంటలకు పెడతాం" అని చెప్పడం. ఆ ఆరు గంటల మాట తప్పకూడదు. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యమైతే పిల్లవాడి రక్తంలో చక్కెర పడిపోతుంది. వేరుశనగ, పాలు, గుడ్డు పడని పిల్లల విషయంలోనూ ముందుగా ఒక్క మాట అడగండి.

ఇంతసేపూ ఎక్కువ తింటున్న పిల్లల గురించి మాట్లాడాను. మన దగ్గర రెండో వైపు ఇంకా బరువుగానే ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. అదే సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు దేశం మొత్తం మీద 2.1 నుంచి 3.4 శాతానికి పెరిగింది. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండూ కనిపిస్తున్నాయి. కాబట్టి ఆరోగ్యకరమైన వేడుక అంటే ఒకచోట తగ్గించడం, ఇంకోచోట పెంచడం.

పెంచడానికి ఒక దారిగా బడుల్లో మధ్యాహ్న భోజన పథకం కింద 'తిథి భోజనం' అనే పద్ధతి ఉంది. గుజరాత్‌లో మొదలైంది, ఇప్పుడు దేశమంతటా ప్రోత్సహిస్తున్నారు. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఎవరైనా బడి పిల్లల భోజనానికి ఒక మంచి వంటకం చేర్చవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజన పథకం ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరున నడుస్తోంది. గోదావరి లంకల్లో వచ్చినవారు ఎవరని చూడకుండా వేళకాని వేళలో కూడా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు మీద మీరు చేర్చేది ఒక అరటిపండో, అదనంగా ఒక గుడ్డో, బొబ్బర్ల గుగ్గిళ్లో, నువ్వుల ఉండో కానివ్వండి. బయట కొన్న క్రీము కేకులు, పొట్లాల చిప్స్ పట్టుకెళ్లకండి. మీ అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టి ఆ పిల్లల చేత చప్పట్లు కొట్టించకండి, ఫొటోలు తీయకండి. మీవాణ్ణి వాళ్ల వరసలో, అదే నేల మీద కూర్చోబెట్టండి. అదే పళ్లెంలో అదే అన్నం తిననివ్వండి. తరువాత వాళ్లతో ఖోఖో ఆడనివ్వండి. వాడికి అంతకంటే మంచి పుట్టినరోజు మీరు కొనిపెట్టలేరు.

ఇక బడుల సంగతి. బడి లోపల, బడి గేటు నుంచి 50 మీటర్ల దూరంలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. అమ్మేవాళ్లకు నిబంధన ఉంది, కానీ ప్రేమగా పంచేవాళ్లకు మనమే ఒక పద్ధతి ఏర్పరచుకోవాలి. స్వీడన్‌లో పిల్లలకు మిఠాయి శనివారమే ఇచ్చే అలవాటు ఉంది. 1940ల్లో లుండ్ పట్టణం దగ్గర విపెహోల్మ్ అనే మానసిక చికిత్సాలయంలో పళ్లు పుచ్చడం మీద జరిగిన పరిశోధన దానికి మూలం. నోరులేని రోగుల మీద, వాళ్ల సమ్మతి లేకుండా చేసిన ఆ పరీక్షలను ఇవాళ ఏ వైద్యుడూ సమర్థించడు, నేనూ సమర్థించను. కానీ అందులో తేలింది నిజం. పళ్లను పాడుచేసేది తిన్న మొత్తం కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది, అది పళ్లకు ఎంతసేపు అంటుకుందన్నది. రోజూ కాకుండా వారానికొకసారి తిని, పళ్లు తోముకుంటే చాలా మేలని అక్కడి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఒక దేశం దేశం ఒప్పుకోగలిగితే ఒక బడి ఒప్పుకోలేదా?

ఈ హాల్లో ఉన్న ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఇది. వచ్చే జూన్‌లో బడి తెరిచినప్పుడు తల్లిదండ్రులకు పంపే మొదటి కాగితంలో ఈ నాలుగు మాటలు చేర్చండి. పుట్టినరోజుకు చాక్లెట్లు తేవద్దు. ప్రతి నెలా ఆఖరి శనివారం ఆ నెలలో పుట్టిన పిల్లలందరికీ కలిపి ఒకే వేడుక జరుపుతాం. ఆ పూట ఒక గంట ఆట ఉంటుంది, ఏ ఆట ఆడాలో పుట్టినరోజు పిల్లలే చెబుతారు. తిండి బడిలోనే వండుతాం, ఇవ్వదలచినవారు పండ్లో, శనగలో, పల్లీలో ఇవ్వండి. దీనితో పాతిక పంపకాలు పది వేడుకలవుతాయి. ఇంట్లో ఖరీదైన డబ్బా కొనలేని పిల్లవాడికి కూడా పుట్టినరోజు వస్తుంది. మొదటి రెండు నెలలు కొందరు తల్లిదండ్రులు నొచ్చుకోవచ్చు. వాళ్లతో మాట్లాడవలసి వస్తే నన్ను పిలవండి, వస్తాను.